బీఫార్మసీ తర్వాత సర్వీస్ డిజైన్‌ల మాస్టర్స్, పోర్ట్‌ఫోలియోల ఏం పెట్టాలె?

జడ్చర్ల_పిల్ల:

అన్నలకి అక్కలకి నమస్తే. మాది జడ్చర్ల పక్కన ఊరు, బీఫార్మసీ అయిపోయింది, ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల ఒక ప్రైవేట్ హాస్పిటల్‌ల ఇన్సూరెన్స్ డెస్క్ మీద చేస్తున్న, ఆరోగ్యశ్రీ కేసులు గూడ నా దగ్గరికే వస్తయి. నా క్లాస్‌మేట్స్ సగం మంది పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీలల్ల మందుల క్వాలిటీ చూసే క్యూసీ, క్యూఏ పనుల్ల సెట్ అయిన్రు, కొందరు అమెరికా పోయిన్రు. నాకేమో ల్యాబ్ మీద ఎప్పుడు మనసు లేకుండె, ఈ డెస్క్ పని మాత్రం మస్తు నచ్చింది, కానీ డెస్క్ మీద కూసొని చేసే పని కాదు, ఆ డెస్క్ ఎట్ల నడవాలె అనేది.

ఎట్లంటే, మక్తల్ దిక్కు నుంచి ఒక పెద్దాయన వస్తడు అనుకోండ్రి. ఆధార్ జిరాక్స్ ఒక కాడ, రేషన్ కార్డు ఇంకో కాడ, టెస్టులు పక్క బిల్డింగ్‌ల, ఫోటో మల్ల నా దగ్గర. ప్రీ ఆథ్, అంటే ట్రీట్‌మెంట్‌కి ముందు తీస్కునే అనుమతి, దానికి ఆన్‌లైన్ పంపినంక అప్రూవల్ వచ్చేదాక ఆయనకి ఏం నడుస్తుందో తెల్వదు, గంటకోసారి వచ్చి అమ్మా నాది వచ్చిందా అంటడు, నేను స్క్రీన్ చూసి ఇంకా రాలే పెద్దయ్యా అంట. ఒకనాడు తిక్కలేసి ఏది ముందు ఏది తర్వాత, ఏ గదికి ఎప్పుడు పోవాలె, అప్రూవల్ వస్తే మేమే ఫోన్ చేస్తం అని స్కెచ్ పెన్నుతోని పెద్దగ రాసి అద్దానికి అతికిచ్చిన, చదువు రానోళ్ల కోసం గది నంబర్లకి రంగులేసిన. అడిగేటోళ్లు జర తగ్గిన్రు. మా దగ్గర సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చినాయన అది చూసి దీన్నే సర్వీస్ డిజైన్ అంటరు, దీంట్ల మాస్టర్స్ ఉంటది తెల్సా అన్నడు. అప్పటి సంది ఇదే చదువుతున్న.

ఇగ అడగాల్సినవి. డిజైన్ డిగ్రీ లేనోళ్లని తీస్కుంటరా? నాకు బొమ్మలు రావు, మనిషిని గీస్తే అగ్గిపుల్లలెక్కనే ఉంటడు. పోర్ట్‌ఫోలియో, అంటే మనం చేసిన పనులు చూపిచ్చే ఫైల్, అది కావాలె అంటున్నరు, నా దగ్గర ఒక్క స్క్రీన్ డిజైన్ గూడ లేదు, స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకొని ఏదన్న యాప్ చేసి పెట్టాల్నా? ఇండియాల ఉందా, బయటికే పోవాల్నా? ఇంట్ల లోన్ అంటే భయపడుతున్నరు, నాన్న అయితే డిజైన్ అంటే బట్టల డిజైనా బిడ్డా అని అడిగిండు, ఆయనకి చెప్పేది గూడ ఎవరన్న చెప్తే పుణ్యముంటది.

కంది_హాస్టల్:

ఇండియా సంగతి నేను చెప్తా, ఐఐటీ హైదరాబాద్‌ల ఎండీస్, అంటే డిజైన్‌ల మాస్టర్స్, చేసిన, కందిల. డిజైన్ డిగ్రీ అక్కర్లేదు, ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే సీడ్ అనే డిజైన్ ఎంట్రెన్స్ రాయొచ్చు, మీది నాలుగేళ్లు, రంది లేదు. ఐఐటీ బాంబే నడిపిస్తది, ఎగ్జామ్ జనవరిల ఉంటది, ఫామ్ అంతకు ముందే అక్టోబర్ దిక్కు వస్తది, హైదరాబాద్‌ల సెంటర్ ఉంటది. ఏజ్ లిమిట్ లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. స్కోర్ మాత్రం ఒక్క ఏడాదికే పనికొస్తది.

రెండు పార్టులు. పార్ట్ ఏ కంప్యూటర్ మీద, అది దాటినోళ్లదే పార్ట్ బీ దిద్దుతరు, పార్ట్ బీ పెన్ను పేపర్. ఆఖరి స్కోర్‌ల పార్ట్ బీకి 75 శాతం, ఏకి 25. పార్ట్ బీల డ్రాయింగ్ ఉంటది, అబద్ధం చెప్పను, కానీ డ్రాయింగ్ ఒక్కటే కాదు, సమస్య ఎక్కడుందో పట్టుకోవుడు, దాన్ని అవతలోనికి సమజయ్యేటట్టు చెప్పుడు గూడ చూస్తరు. మీరు అద్దానికి అతికిచ్చిన కాయితం ఆ లెక్కల్నే వస్తది. అగ్గిపుల్ల మనిషి వంగినట్టు, కూసున్నట్టు, లైన్ల నిలబడ్డట్టు గీయగలిగితే మొదలుపెట్టనీకి చాలు, మిగతాది రోజూ గీస్తే వస్తది. బస్టాండ్‌ల కూసొని మనుషులని గీయండి, వాళ్లు కదులుతనే ఉంటరు కాబట్టి చెయ్యి ఉరుకుతది.

సర్వీస్ డిజైన్ అని పేరు పెట్టి ఐఐటీలల్ల వెతికితే దొరకదు. ఐఐటీ బాంబేల ఐడీసీ అని డిజైన్ స్కూల్ ఉంది, 1969 నుంచి నడుస్తున్నది, అక్కడ ఇంటరాక్షన్ డిజైన్ ఉంది. ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అయితే వేరే ఎగ్జామ్, డ్యాట్ అని, ముందు ప్రిలిమ్స్, తర్వాత మెయిన్స్, ఎండీస్ రెండున్నరేళ్లు. గాంధీనగర్‌ల స్ట్రాటెజిక్ డిజైన్ మేనేజ్‌మెంట్, బెంగళూరుల యూనివర్సల్ డిజైన్, ఈ రెండు మీరు చెప్పేదానికి దగ్గరగ అనిపిస్తయి నాకు. కోర్సు పేరు చూడకండి, అక్కడ పోయినేడు చదివినోళ్లు ఆఖరి ప్రాజెక్టులు వేటి మీద చేసిన్రో చూడండి, హాస్పిటళ్లు, రైల్వే, గవర్నమెంట్ పనుల మీద ఉన్నయంటే మీ జాగ అదే.

సీడ్ క్వాలిఫై అయితే సీట్ వచ్చినట్టు కాదు, ఒక్కో ఐఐటీకి వేర్వేరుగ అప్లై చేయాలె, ఇంటర్వ్యూల పోర్ట్‌ఫోలియో అడుగుతరు. శానామంది క్వాలిఫై అయినమని దావత్ చేస్కొని ఫామ్ డేట్ మర్చిపోతరు.

సెజ్_బి_షిఫ్ట్:

పోలేపల్లిల క్యూసీ చేసే నేను ఈ పోస్ట్ నైట్ డ్యూటీల చదువుతున్న. పో చెల్లె పో. ఇక్కడ ఏసీ తప్ప ఏం మిస్ కావు.

మిలాన్‌ల_పాలమూరు:

చెల్లె నాది కోస్గి. పాలిటెక్నికో ది మిలానోల ప్రొడక్ట్ సర్వీస్ సిస్టమ్ డిజైన్ అని రెండేళ్ల మాస్టర్స్ ఉంది, క్లాసులు ఇంగ్లీష్‌లనే, బోవీసా క్యాంపస్‌ల. నేను మెకానికల్ చేసి వచ్చిన. ఏ డిగ్రీ వాళ్లు నేరుగ రావచ్చు, ఎవరిది విడిగ చూస్తరు అనేది ప్రతి ఏడు నోటీసుల రాస్తరు, బీఫార్మసీ కాబట్టి ఆ పేజీ ముందుగాల చదివి, డౌట్ ఉంటే మెయిల్ కొట్టి రాతల జవాబు తెచ్చుకో.

ఇగ పోర్ట్‌ఫోలియో. ఫిగ్మాల యాప్ చేసి పెట్టుడు మాత్రం వద్దు. ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, ట్రావెల్ యాప్ రీడిజైన్, ఇవి చూసి చూసి వాళ్ల కండ్లు కాయలు కాసినయి. నీ ఇన్సూరెన్స్ డెస్క్‌నే మొదటి ప్రాజెక్ట్ చెయ్. కానీ ఆ కాయితం ఫోటో పెట్టి నేను ఇది చేసిన అంటే సరిపోదు, అది చేసేటందుకు ఏం చూసినవ్ అనేది చూపియ్యాలె. పేషెంట్ లోపలికొచ్చిన కాన్నుంచి డిశ్చార్జ్ దాక ఏ కిటికీకి పోయిండు, ఎక్కడ ఆగిండు, ఎవర్ని అడిగిండు, ఆయనకి అప్పుడు ఏం తెల్సు ఏం తెల్వదు. దాని కింద గీత కొట్టి నువ్వేం చేసినవ్, ఇంకో గీత కొట్టి ఆయనకి కనపడకుంట లోపల ఎవరేం చేసిన్రు, డాక్టర్ నోట్ ఎప్పుడు రాసిండు, స్కాన్ ఎవరు అప్‌లోడ్ చేసిన్రు, ప్రీ ఆథ్ ఎవరి లాగిన్‌ల ఆగింది. దీన్నే సర్వీస్ బ్లూప్రింట్ అంటరు. బ్యాంకుల పనిచేసిన లిన్ షోస్టాక్ అనే ఆమె 1984ల హార్వర్డ్ బిజినెస్ రివ్యూల రాసింది, ఆమె తీస్కున్న ఉదాహరణ ఏందో తెల్సా, రోడ్డు మీద బూట్ పాలిష్. బ్రష్ కొట్టుడు, పాలిష్ పూసుడు, రుద్దుడు, పైసల్ తీస్కునుడు, తప్పు రంగు పూస్తే ఏం చేయాలె, అన్నిటికి టైమ్ ఏసి గీసింది. బూట్ పాలిష్‌కే అంత లెక్క ఉంటే నీ ప్రీ ఆథ్‌కి ఎంత ఉంటదో చూడు.

గీసినంక, కాయితం అతికిచ్చినంక ఏం మారింది, ఏం మారలే అది గూడ రాయి. అడిగేటోళ్లు తగ్గిన్రు అన్నవ్ గదా, ఎవరు ఇంకా అడుగుతున్నరు? ముసలోళ్లా, కన్నడ మాట్లాడేటోళ్లా, ఫోన్ లేనోళ్లా? నాకు ఆ ముక్క చదవబుద్ధయితది, ప్రొఫెసర్‌కి గూడ గంతే. ఇంకో రెండు మూడు ప్రాజెక్టులు చాలు. లేఅవుట్ నీట్‌గ, అక్షరాలు పెద్దగ, ఒక పేజీల ఒక మాట.

పైసల గురించి. ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటది, పైమెట్టు ఏడాదికి సుమారు 3,900 యూరోలు. డీఎస్‌యూ అని ప్రాంతీయ స్కాలర్‌షిప్ ఉంది, మార్కుల కన్న ఇంటి ఆదాయమే ఎక్కువ చూస్తరు దాంట్ల, దానికి ఆదాయం, ఇల్లు, భూమి కాయితాలు ట్రాన్స్‌లేట్ చేపిచ్చి అపొస్టిల్, అంటే బయటి దేశంల చెల్లేటట్టు సర్కార్ ముద్ర, కొట్టియ్యాలె. తాసిల్ ఆఫీస్ కాన్నుంచి మొదలు పెడితే టైమ్ మస్తు తింటది, అడ్మిషన్ వచ్చినంక చూద్దాంలే అనుకోకు. మిలాన్‌ల రూమ్ రెంట్ మాత్రం దెబ్బ కొడతది, ఫీజు తక్కువ అని మురిసిపోతే అక్కడ తేలుతది.

జడ్చర్ల_పిల్ల:

అన్నా మస్తు థాంక్స్, బూట్ పాలిష్ సంగతి విని నవ్వొచ్చింది కానీ ఇప్పుడు అన్నీ అట్లనే కనపడుతున్నయి. ఒక్క భయం, పేషెంట్ల వివరాలు పెడితే మా హాస్పిటల్ వాళ్లు ఊకుంటరా? ఫోటోలు గిట్ల ఏమన్న ఉండాల్నా? రెండో ప్రాజెక్ట్ దేని మీద చేయాలో గూడ తోస్తలేదు, యాప్ వద్దంటే ఇగ నాకు తెల్సిన లోకం హాస్పిటల్, ఊరు, గంతే.

మిర్యాలగూడ_మిల్లు_రోడ్:

ఊరు గంతే అంటవేంది చెల్లె, ఊర్ల వడ్ల కొనుగోలు సెంటర్ కన్న పెద్ద సర్వీస్ ఏముంది. నేను ఆర్కిటెక్చర్ చేసి ఇదే లైన్ల అప్లై చేసిన, నా రెండో ప్రాజెక్ట్ అదే.

రైతుకి కనపడేది ఏంది, తన కుప్ప, పరదా, మాయిశ్చర్ మిషన్, కాంటా. తేమ 17 శాతం లోపు ఉంటేనే తూకం, లేకుంటే మల్ల ఆరబోయాలె, అది అందరికి తెల్సు. కనపడనిది ఏంది, గన్నీ సంచులు ఎప్పుడు వస్తయి, హమాలీలు ఏ ఊరి సెంటర్‌ల ఉన్నరు, లారీ ఎవరు పంపాలె, ఏ మిల్లుకి అలాట్ అయింది, మిల్లు కాడ లారీ ఎన్ని బండ్ల ఎనక నిలబడ్డది, ట్యాబ్‌ల ఎంట్రీ పడ్డదా. తూకం అయిపోయింది అంటే రైతు లెక్కన పని అయిపోయింది, కానీ ఆ బస్తాలు లారీ ఎక్కేదాక ఆయన నిద్ర అక్కడ్నే, ఎందుకంటే వాన పడితే తడిసేది ఆయన వడ్లే. అంటే ఆయన ఎదురుచూసేది తూకం కోసం కాదు, లారీ కోసం. సెంటర్ కాడ బోర్డు మీద మాత్రం మద్దతు ధర, తేమ శాతం అన్ని ఉంటయి, లారీ సంగతి ఉండదు. నేను చేసింది చిన్నదే, సీరియల్ నంబర్ బోర్డు పక్కన లారీ బోర్డు ఒకటి, ఇయ్యాల ఎన్ని అడిగినం, ఎన్ని వచ్చినయి, మిల్లు కాడ ఎన్ని ఆగినయి. చాక్‌పీస్‌తోని. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్క ముందు వద్దన్నది, లారీ రాలేదని రాస్తే నన్నే తిడతరు అని. ఆ మాట పోర్ట్‌ఫోలియోల పెద్దక్షరాలల్ల పెట్టిన. సమాచారం బయటపెడితే దెబ్బ ఎవరికి తగుల్తది అనేది చూడకుంట డిజైన్ చేస్తే మనం వచ్చినంక ఆ బోర్డు ఎవరో తుడిచేస్తరు. ఇంటర్వ్యూల నన్ను దాని మీదనే గుచ్చి గుచ్చి అడిగిన్రు, బోర్డు మీద కాదు.

నీ హాస్పిటల్ విషయం. రిపోర్టులు, పేర్లు, కార్డు నంబర్లు, మొఖాలు ఏవి పెట్టకు, ఫామ్ ఫోటో తీయకు, ఖాళీ ఫామ్ నువ్వే మల్ల గీసుకో. హాస్పిటల్ పేరు రాయకు, జిల్లా కేంద్రంల ఒక హాస్పిటల్ అను చాలు. మేనేజర్‌ని నోటితోని కాదు, మెయిల్‌ల అడుగు, ఇట్ల చదువు కోసం ప్రాసెస్ గీస్కుంటున్న, వివరాలేవి ఉండవు అని. వద్దంటే పేషెంట్ తమ్ముడినో కొడుకునో హాస్పిటల్ బయట చాయ్ హోటల్ కాడ అడుగు, వాళ్లు చెప్పేది వాళ్ల కథ, వాళ్ల పర్మిషన్ చాలు. ఆ పర్మిషన్ తీస్కున్న అని పోర్ట్‌ఫోలియోల ఒక లైన్ రాయి.

గచ్చిబౌలి_యూఎక్స్:

అందరూ పొమ్మంటున్నారు కాబట్టి ఒకడన్నా చల్ల నీళ్లు పోయాలి కదా. హైదరాబాద్‌లో సర్వీస్ డిజైనర్ అనే టైటిల్‌తో జాబ్స్ తక్కువ, వెతికి చూడండి. చేసే పని ఉంటుంది కానీ పేరు వేరే ఉంటుంది, యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవం) రీసెర్చర్, సీఎక్స్ (కస్టమర్ ఎక్స్‌పీరియన్స్), ప్రాడక్ట్ ఆపరేషన్స్, హాస్పిటల్ చెయిన్స్‌లో అయితే పేషెంట్ ఎక్స్‌పీరియన్స్. ఆ టైటిల్‌కి నిజమైన మార్కెట్ ఉన్నది యూరప్‌లో, ముఖ్యంగా యూకే గవర్నమెంట్‌లో సర్వీస్ డిజైనర్ అని అఫీషియల్ రోల్ ఉంది. కానీ బయటి దేశం వాళ్లకు వీసా స్పాన్సర్ చేసే వాళ్లు దొరకడం ఇంకో కథ, అది లెక్కలో పెట్టుకోకుండా లోన్ తీసుకోవద్దు.

లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఎంఏ సర్వీస్ డిజైన్ ఉంది, ఈ ఫీల్డ్‌లో అందరూ చెప్పే పేరు అదే. ఫీజు మన లాంటి వాళ్లకు 30 వేల పౌండ్లు దాటుతుంది, లండన్ ఖర్చు వేరే. ఇంటి మీద లోన్ పెట్టి పోయే కోర్సు కాదని నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానీ. సీడ్ ఒకసారి రాయండి, మిలాన్‌కి అప్లై చేయండి, రెండూ రాకపోతే ఇంకో ఏడాది ఆ డెస్క్ మీదే ఉండి ఇంకో రెండు మార్పులు చేయండి. ఫిన్‌లాండ్‌లో లౌరియా లాంటి అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో మాస్టర్స్‌కి డిగ్రీ తర్వాత రెండేళ్ల పని అనుభవం రూల్‌గా అడుగుతారు, అంటే మీరు డెస్క్ మీద ఉన్న టైమ్ వేస్ట్ కాదు, అక్కడ అదే అర్హత.

ఇంకోటి, ఫిగ్మా అసలు వద్దు అన్న మాటకి నేను ఒప్పుకోను. ప్రాజెక్ట్ అది కాకూడదు, కరెక్టే, కానీ జాబ్‌కి వచ్చినప్పుడు అడుగుతాం, నేర్చుకొని పెట్టుకోండి.

మిలాన్‌ల_పాలమూరు:

గచ్చిబౌలి అన్న చెప్పింది కరెక్టే, ఇక్కడ గూడ ఇటాలియన్ రాకుంటే లోకల్‌ల ఇంటర్న్‌షిప్ కష్టం. క్లాస్ ఇంగ్లీష్‌ల ఉంటది, క్లయింట్ ఇటాలియన్‌ల ఉంటడు. వచ్చే ముందే మొదలుపెట్టు.

నల్లగొండక్క:

నేను కొలోన్‌ల ఉంట బిడ్డా. ఇక్కడి డిజైన్ స్కూల్‌ల 1995లనే సర్వీస్ డిజైన్‌కి ప్రొఫెసర్‌ని పెట్టిన్రు, బిర్గిట్ మాగర్ అని, ఐరోపా మొత్తంల ఆమెనే మొదలు. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొంత కట్టాలె, దాంట్ల బస్ ట్రైన్ పాస్ వస్తది. కానీ ఫ్రీ అని ఉరకకు. మన చదువు కాయితాలు అసలువేనా అని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి మనోళ్లకి తప్పనిసరి, బ్లాక్డ్ అకౌంట్‌ల ఏడాది ఖర్చు 11,904 యూరోలు ముందే చూపియ్యాలె. ఆ పైసలు నీయే, నెలనెలా నీకే వస్తయి, ఈ సంగతి నాన్నకి చెప్పు, జర ధైర్యం వస్తది.

ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు కావాలో అప్లికేషన్‌తోని రాసే లెటర్, దాని గురించి ఎవరు చెప్పలే. నేను ఇప్పుడు జూనియర్లవి చూస్తుంట, అందరు చిన్నప్పటి సంది నాకు మనుషులంటే ఇష్టం అని మొదలుపెడతరు, చాట్‌జీపీటీ రాసినట్టు తెలిసిపోతది. నువ్వు ఈ పోస్ట్‌ల రాసిన రెండో పేరా ఉంది సూడు, మక్తల్ పెద్దాయనది, దాన్నే ఇంగ్లీష్‌ల పెట్టు, తర్వాత ఈ కాయితం ఎక్కడ పనిచేయలే, అది తెల్సుకోనీకి నాకు ఏం నేర్పాలె, మీ దగ్గర ఏ క్లాస్‌ల అది నేర్పుతరు అని రాయి. గంతే ఎస్‌ఓపీ. ఫార్మసీ గురించి సిగ్గుపడకు, మందు వాడే పద్ధతి పేషెంట్‌కి ఎట్ల చెప్పాలె అని నువ్వు చదివినవ్, హాస్పిటల్ సర్వీస్‌ల పనిచేసేటోళ్లకి అది లేక తిప్పలు పడుతున్నరు.

రికమెండేషన్ ఒకటి కాలేజ్ మేడమ్ దగ్గర, ఇంకోటి హాస్పిటల్‌ల నీ పని కండ్లార చూసిన మనిషి దగ్గర తీస్కో. పెద్ద డాక్టర్ సంతకం కోసం తిరగకు, ఆయనకి నువ్వెవరో తెల్వదు, రాసే ముక్క గూడ అట్లనే ఉంటది.

నాన్నకి ఏం చెప్పాలె అంటే, నువ్వు అద్దానికి అతికిచ్చిన కాయితం చూపియ్యి. ఒకరోజు డెస్క్ కాడికి తోలుకపో.

జడ్చర్ల_పిల్ల:

అక్కా కండ్లల్ల నీళ్లొచ్చినయి, నాన్నని సోమవారం తోలుకపోత. నేను ముందు సీడ్ ఫామ్ ఏస్త, మిలాన్ రూల్స్ చదివి మెయిల్ కొడత, లండన్ ఇడిసిపెట్టిన. సర్కార్ స్కాలర్‌షిప్ గురించి ఎవరికన్న తెల్సా? మేము బీసీ.

కంది_హాస్టల్:

బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి ఉంది, ఎస్సీ ఎస్టీలకి అంబేద్కర్ పేరు మీద ఉంది, 20 లక్షల దాకా ఇస్తరు, ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలె, సర్కార్ స్కాలర్‌షిప్‌ల ఈపాస్ సైట్‌ల నోటిఫికేషన్ వస్తది. రెండు చూస్కోండి. ఒకటి, ఏ దేశాలకి ఇస్తరో లిస్ట్ ఉంటది, అన్ని దేశాలు ఉండవు, మిలాన్ అనుకుంటున్నరు కాబట్టి ఇటలీ ఉందా లేదా ముందే చూడండి. రెండు, ఏ సబ్జెక్టులకి అనేది గూడ రాసి ఉంటది, డిజైన్ ఎందుల వస్తదో మహబూబ్‌నగర్ బీసీ వెల్ఫేర్ ఆఫీస్‌ల అడిగి తెల్సుకోండి.

నల్లగొండక్క:

అప్లై చేసే ముందు టెన్త్ మెమో, డిగ్రీ, పాస్‌పోర్ట్ మూడు పక్కపక్కన పెట్టి చూడు బిడ్డా. మనోళ్లకి మెమోల ఇంటిపేరు పొడి అక్షరం ఉంటది, పాస్‌పోర్ట్‌ల పూర్తిగ ఉంటది. ఏపీఎస్‌కి, వీసాకి అక్కడ్నే ఆపుతరు. తేడా ఉంటే ఇప్పుడే అఫిడవిట్ చేపిచ్చుకో, పాస్‌పోర్ట్ ఇంకా తియ్యకుంటే మెమోల ఎట్లుందో చూస్కొని ఫామ్ నింపు.